దేశముల పొగ, ప్రభుత్వముల నిర్ణయము

హైదరాబాదులో ఒక ఇంట పది వాట్ల బల్బు నూరు గంటలు వెలిగినచో ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చగును. పారిస్ నగరములో అదే బల్బు అంతే కాలము వెలిగినను ఖర్చగునది అదే ఒక యూనిట్. వెలుగులో భేదము లేదు. బల్బు క్రింద కూర్చుండి చదువుకొను పిల్లవానికి దక్కు ప్రయోజనములోను భేదము లేదు. అయినను ఆ యూనిట్‌ను పుట్టించుటకై గాలిలోనికి విడిచిన బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, తూచి చూచినచో, భారతదేశపు గ్రిడ్ సగటున అది సుమారు 700 గ్రాములుండగా, ఫ్రాన్సు దేశమున 2024వ సంవత్సరములో 50 గ్రాములకు లోపే యున్నది. ఒకే వెలుగునకు ఒకచోట పదింతలకు మించిన పొగ ఏల పుట్టవలెను?

ఈ ప్రశ్నకు సామాన్యముగా వినవచ్చు సమాధానములు రెండు. ధనిక దేశము ఎక్కువ వస్తువులు వాడును గనుక ఎక్కువ పొగ విడుచుననునది మొదటిది. ఏ దేశపు భూగర్భమున బొగ్గున్నదో ఆ దేశము బొగ్గు కాల్చుననునది రెండవది. రెండింటను కొంత సత్యము కలదు గాని రెండును చాలవు. తలసరి ఆదాయమున ఫ్రాన్సు మనకంటె ఎన్నో రెట్లు ధనిక దేశము. అయినను దాని యూనిట్ మన యూనిట్‌కంటె నిర్మలమైనది. ఫ్రాన్సునకు పొరుగుననే, ఇంచుమించు అంతే సంపదతో, అంతే విజ్ఞానముతో వర్ధిల్లు జర్మనీలో 2023వ సంవత్సరమున ఒక్కొక్క పౌరుని వంతుకు సుమారు 7 టన్నుల వాయువు రాగా, ఫ్రాన్సులో సుమారు 4 టన్నులే వచ్చినది. సంపదయు విజ్ఞానమును సమానమైయుండగా ఫలితము మాత్రము భిన్నమైనపుడు, ఆ భేదమునకు మూలమును విద్యుత్కేంద్రమును కట్టవలెనని నిశ్చయించిన మంత్రివర్గములలోను, దానికి అప్పిచ్చిన బ్యాంకులలోను, దాని ఇంధనపు ధరను నిర్ణయించిన శాసనములలోను వెదకవలసియున్నది. ఒక దేశము నేడు విడుచు పొగలో అధికభాగము దశాబ్దములకు పూర్వము తీసికొన్న ఆర్థిక రాజకీయ నిర్ణయముల ఫలమనియు, నేటి నిర్ణయములు రాబోవు తరమువారి గాలిని ఇప్పుడే నిశ్చయించుచున్నవనియు చూపుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

నాలుగు సంఖ్యల గుణకారము

ఒక దేశపు ఉద్గారములను విడదీసి చూచుటకు యోయిచి కాయా అను జపాను శాస్త్రజ్ఞుడు 1980వ దశకపు చివర ఒక సులభమైన మార్గమును చూపెను. పెండ్లివంటను తలచుకొన్నచో అది వెంటనే బోధపడును. వంటశాల వెనుక లేచు పొగ ఎంతయని అడిగినవానికి నాలుగు సంగతులు తెలియవలెను: పంక్తిలో ఎన్ని విస్తళ్లు వేసినారు, ఒక్కొక్క విస్తరిలో ఎన్ని వంటకములు వడ్డించుచున్నారు, ఒక్కొక్క వంటకమునకు ఎంత వంటచెరకు పట్టుచున్నది, మణుగు చెరకునుండి ఎంత పొగ వచ్చుచున్నది. ఈ నాలుగింటిని గుణించినచో మొత్తము లెక్క తేలును. దేశము విషయమున విస్తళ్లు జనాభా. వంటకములు తలసరి ఆదాయము. వంటకమునకు పట్టు చెరకు, ఒక రూపాయి విలువగల ఉత్పత్తికి ఖర్చగు శక్తి. చెరకునుండి వచ్చు పొగ, అంత శక్తిని పుట్టించునపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు.

ఇది గుణకారము గనుక ఇందులో ఒక కఠినమైన నియమము దాగియున్నది. జనాభాయు ఆదాయమును కలిసి ఏటికి 6 శాతము పెరుగుచుండగా, మిగిలిన రెండు అంశములు కలిసి 4 శాతము చొప్పున తగ్గినచో, అంత శ్రమపడినను ఉద్గారములు ఏటికి ఇంచుమించు 2 శాతము పెరుగుచునే యుండును. బీదరికమునుండి పైకి వచ్చుచున్న దేశములో పొగ తగ్గుట ఏల దుర్లభమో, కొత్త సూర్యఫలకములు లక్షలుగా పరచినను మొత్తము లెక్క ఏల దిగిరాదో ఈ ఒక్క నియమము తెలుపును. పిల్లలను కనవద్దనియు, ఆదాయమును పెంచుకొనవద్దనియు ప్రజలను శాసింపగల ప్రజాప్రభుత్వము లేదు. అట్లు శాసించుట న్యాయమును కాదు. కావున రాజ్యనీతికి చిక్కు అంశములు చివరి రెండే: తక్కువ శక్తితో అదే పని జరుపుట, అదే శక్తిని తక్కువ పొగతో పుట్టించుట. ఈ రెండును సాంకేతిక విషయములుగా కనిపించును. కాని ఏ యంత్రము అంగడికి వచ్చునో, ఏ ఇంధనము చౌకగా దొరకునో నిర్ణయించునవి ధరలును శాసనములునే.

చిన్న వివరణ: బొగ్గుకంటె వాయువు బరువెక్కువ ఏల?

ఒక టన్ను శుద్ధ కార్బనును కాల్చినచో ఇంచుమించు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడు పుట్టును. కాలునపుడు ఒక్కొక్క కార్బను పరమాణువు గాలినుండి రెండు ఆక్సిజను పరమాణువులను తీసికొని వాటితో కలియును. కార్బను బరువు 12 పాళ్లైనచో ఆ రెండు ఆక్సిజనుల బరువు 32 పాళ్లు, కలిసి 44. అధికమైన బరువు గాలినుండి వచ్చినదే. సహజవాయువులో కార్బనుతో పాటు హైడ్రోజను కూడ కాలి వేడినిచ్చును. హైడ్రోజను కాలిన మిగులునది నీటియావిరి. అందుచేతనే అంతే వేడికి సహజవాయువు బొగ్గు విడుచు కార్బన్ డయాక్సైడులో సుమారు సగమే విడుచును.

సంపద పెరిగిన పొగ పెరుగునా?

రెండు శతాబ్దములపాటు లోకానుభవము పెరుగుననియే చెప్పెను. ఆవిరియంత్రము వచ్చినది మొదలు, ఏ దేశము ధనవంతమైనను బొగ్గుతోనో చమురుతోనో అయినది. ఆ కాలమున ఉద్గారములు గణనీయముగా పడిపోయిన సందర్భములు చాలవరకు యుద్ధములును, మాంద్యములును, రాజ్యపతనములునే. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత రష్యాలో కర్మాగారములు మూతపడి, జీతములు నిలిచి, ఆయుర్దాయము సైతము తగ్గిన ఆ దశకమున ఉద్గారములు సుమారు మూడవ వంతు తగ్గినవి. అట్టి తగ్గుదలను ఏ విజ్ఞుడును ఆదర్శమని చెప్పడు. పొగ తగ్గినదను మాట విన్నంతనే సంతోషింపక, నాలుగు అంశములలో ఏది తగ్గినదని విచారింపవలెనని ఈ ఉదాహరణము బోధించుచున్నది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము స్వీడను. 1990 మొదలు ఆ దేశపు ఆర్థికవ్యవస్థ అర్ధభాగమునకు మించి పెరుగగా, సరిహద్దుల లోపలి ఉద్గారములు సుమారు మూడవ వంతు తగ్గినవి. బ్రిటన్‌లో 1990 నాటితో పోల్చిన ఉద్గారములు ఇంచుమించు సగమైనవి. సంపద పెరుగుటకును పొగ పెరుగుటకును నడుమనున్న ముడి విప్పరానిది కాదని ఈ దేశములు నిరూపించినవి. ఐతే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. లండనులో కొన్న చొక్కాయు, ఫోనును, ఉక్కు దూలమును చైనాలోనో భారతదేశములోనో తయారైనచో, ఆ పొగ తయారుచేసిన దేశపు ఖాతాలోనే పడును. అట్టి దిగుమతులను కూడ లెక్కలోనికి తీసికొన్నచో ధనిక దేశములు సాధించిన తగ్గుదల కొంత చిన్నదగును. అయినను పూర్తిగా మాయమైపోదు.

ఒక చమురు సంక్షోభము, రెండు దారులు

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చి, అరబ్బు దేశములు చమురు ఎగుమతులను బిగించగా, కొద్ది నెలలలోనే పీపా ధర సుమారు నాలుగు రెట్లైనది. చమురునకు పరాధీనమైన ఫ్రాన్సులో నాటి ప్రధానమంత్రి పియేర్ మెస్మేర్ 1974 మార్చిలో అణువిద్యుత్కేంద్రములను పెద్దయెత్తున నిర్మింపదలచినట్లు ప్రకటించెను. అంతకుముందు విద్యుత్తులో పదవ వంతుకు లోపుగా నున్న అణుశక్తి 1990 నాటికి సుమారు మూడు వంతులకు పెరిగినది, అనగా నాలుగింట మూడు భాగములు. వాతావరణము వేడెక్కుచున్నదను భయము నాటి నిర్ణయమునకు కారణమే కాదు. విదేశీ చమురునకు లొంగియుండరాదను స్వాతంత్ర్యేచ్ఛయే కారణము. విద్యుత్తు యావత్తును ఒక్క ప్రభుత్వ సంస్థ చేతిలో నుండుటయు, ఒకే నమూనాను మరల మరల కట్టుటవలన వ్యయమును కాలమును కలిసివచ్చుటయు, పారిస్‌లో తీసికొన్న నిర్ణయమునకు అడ్డుచెప్పగల రాష్ట్రప్రభుత్వములు లేకుండుటయు ఆ వేగమునకు తోడ్పడినవి.

అదే సంక్షోభము జర్మనీకిని వచ్చినది. కాని అక్కడి రాజకీయ భూమిక వేరు. రూర్ లోయలో రాతిబొగ్గు, రైన్ ప్రాంతమునను తూర్పు సీమలోను గోధుమవన్నె లిగ్నైటు, వాటిపై ఆధారపడిన లక్షల కార్మికులు, వారి బలమైన సంఘములు, సొంత అధికారములుగల రాష్ట్రములు — ఇవన్నియు కలిసి బొగ్గును కాపాడినవి. త్రవ్వుటకు గిట్టుబాటు కానప్పటికి రాతిబొగ్గునకు ప్రభుత్వము సహాయధనమిచ్చుచునే వచ్చినది. చివరి రాతిబొగ్గు గని మూతపడినది 2018 డిసెంబరులోనే. మరియొకవంక 1970వ దశకమునుండి అణుశక్తికి వ్యతిరేకముగా ప్రజోద్యమము లేచి, 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదముతో దృఢమై, 2011 నాటి ఫుకుషిమా ప్రమాదము తరువాత ప్రభుత్వ శాసనముగా పరిణమించినది. 2023 ఏప్రిల్ 15న చివరి మూడు అణుకేంద్రములు మూతపడినవి.

ఐతే జర్మనీ చేసిన మేలును కూడ చెప్పకుండుట అన్యాయమగును. 2000వ సంవత్సరమున ఆ దేశము గాలితోను ఎండతోను పుట్టిన విద్యుత్తును నిశ్చితమైన ధరకు ఇరువది సంవత్సరములు కొందుమని శాసనపూర్వకముగా హామీ ఇచ్చినది. నాడు సూర్యఫలకములు చాల ప్రియమైనవి. ఆ భారమును జర్మను గృహస్థులు తమ కరెంటు బిల్లులలో మోసిరి. కొనువాడు స్థిరముగా నున్నాడని తెలియగానే, చైనాలో బ్రహ్మాండమైన కర్మాగారములు వెలసినవి. ఉత్పత్తి పెరిగిన కొలది వ్యయము తగ్గినది. 2010వ దశకములో ఫలకముల ధర సుమారు 90 శాతము పడిపోయినది. నేడు కర్నూలు జిల్లాలోను, రాజస్థాను ఎడారిలోను చౌకగా పుట్టు సూర్యవిద్యుత్తు వెనుక బెర్లిను పార్లమెంటులో వేసిన ఆ వోటు కలదు.

బొగ్గును బ్రిటన్ విడిచిన విధము

బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము ప్రజలకొరకు మొదట వెలసినది 1882లో, లండను నగరపు హోబోర్న్ వయడక్ట్‌వద్ద. అదే దేశములో చివరి బొగ్గు కేంద్రమైన రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ 2024 సెప్టెంబరు 30న ఆగిపోయినది. నూట నలుబది రెండు ఏండ్ల ఈ అధ్యాయము ముగియుటకు మూడు రాజకీయ సంఘటనలు క్రమముగా తోడ్పడినవి.

మొదటిది 1984-85 నాటి గనికార్మికుల సమ్మె. మార్గరెట్ థాచర్ ప్రభుత్వము ఆ సమ్మెను అణచిన తరువాత బొగ్గును కాపాడు రాజకీయ బలము క్షీణించినది. గనుల ఊళ్లు తరములపాటు కోలుకొనలేని దుఃఖమును అనుభవించినవి. రెండవది 1990లో జరిగిన విద్యుత్ ప్రైవేటీకరణ. త్వరగా కట్టి త్వరగా లాభము తీయదలచిన కంపెనీలు ఉత్తరసముద్రపు సహజవాయువును ఆశ్రయించినవి. ఆ విధముగా, వాతావరణమును గూర్చి తలంపకయే, ఉద్గారములు తగ్గినవి. మూడవది 2008లో పార్లమెంటు అంగీకరించిన వాతావరణ శాసనమును, 2013లో విద్యుత్తుకొరకు కాల్చు ఇంధనముపై విధించిన కనీస కార్బన్ ధరయు. 2012లో విద్యుత్తులో 40 శాతమునకు దగ్గరగా నున్న బొగ్గు వాటా 2020 నాటికి 2 శాతమునకు పడిపోయినది. బొగ్గు కేంద్రములు కేవలము శాసనబలముచేతనే మూతపడలేదు. వాటి యూనిట్ ధర వాయువు యూనిట్ ధరను మించునట్లు పన్ను నిర్ణయింపబడగా, అంగడియు వాటిని ప్రక్కకు తొలగించినది. ఈ మూడింటిలో పొగను తగ్గించు ఉద్దేశముతో జరిగినది మూడవది ఒక్కటే. మొదటి రెండు లేనిదే మూడవది ఇంత సులభముగా ఫలించియుండదు.

చిన్న వివరణ: కార్బన్ ధర అనగానేమి?

ఒక మిల్లు తన మురుగును చెరువులోనికి వదలినచో నష్టము ఊరిది, లాభము మిల్లుది. పొగ విషయమును అట్టిదే: విడుచువాడు గాలికి వెల చెల్లింపడు. ఆ వెలను చెల్లింపజేయు మార్గములు రెండు. మొదటిది పన్ను: టన్ను వాయువునకు ఇంతయని ప్రభుత్వము నిర్ణయించును, ధర తెలియును గాని ఎంత తగ్గునో ముందుగా తెలియదు. రెండవది అనుమతుల అంగడి: ఏడాదికి ఇన్ని టన్నులే విడువవచ్చునని ప్రభుత్వము హద్దు గీసి, ఆ హద్దు మేరకు అనుమతులిచ్చును, తక్కువ విడిచినవాడు మిగిలిన అనుమతులను అమ్ముకొనవచ్చును. ఇక్కడ పరిమాణము తెలియును గాని ధర తెలియదు. యూరపులో 2005లో మొదలైన అంగడిలో అనుమతులను మితిమీరి పంచుటచేత ధర ఒక దశలో టన్నుకు 5 యూరోలకు దిగువకు జారినది. నియమములు బిగించిన పిమ్మట 2023 ఫిబ్రవరిలో 100 యూరోలను తాకినది.

పన్ను ఏల నిలుచును, ఏల కూలును?

కార్బన్ పన్నును గూర్చి ఆర్థికశాస్త్రజ్ఞులలో అభిప్రాయభేదములు తక్కువ. రాజకీయములలో దానికి శత్రువులెక్కువ. ఇది ఏల? పన్నువలన కలుగు బాధ నేడే, ప్రతి పెట్రోలు బంకువద్దను కనిపించును. దానివలన కలుగు మేలు కాలాంతరమున, లోకమంతటను పంచబడి, ఎవరికంటను పడకుండ వచ్చును. నష్టపడు కొద్దిమంది సంఘటితులై గట్టిగా పలుకుదురు. లాభపడు అనేకులకు తమ లాభమే తెలియదు.

స్వీడను 1991లో ఈ పన్నును విధించినపుడు అంతకుముందున్న ఆదాయపు పన్నులను తగ్గించెను. టన్నుకు సుమారు 250 క్రోనలతో ఆరంభించి, మెల్లమెల్లగా, ముందుగా చెప్పుచు పెంచెను. ఇళ్లను వేడిచేయుటకు చమురు బదులు కట్టెపొట్టును వ్యర్థములను వాడు ఊరుమ్మడి వేడినీటి గొట్టముల వ్యవస్థ ప్రజలకు అందుబాటులో నుండెను గనుక, పన్ను పెరిగినపుడు వారికి మరియొక దారి దొరికినది. నేడు ఆ పన్ను టన్నుకు 100 యూరోలకు మించియున్నను అక్కడ తిరుగుబాటు లేదు.

ఆస్ట్రేలియా కథ వేరు. 2012 జులై 1న జూలియా గిలార్డ్ ప్రభుత్వము టన్నుకు 23 డాలర్ల ధరను అమలుపరచెను. విద్యుత్ రంగపు ఉద్గారములు తగ్గనారంభించినవి. కాని దానిని రద్దుచేయుటయే ప్రధాన వాగ్దానముగా ఎన్నికలలో గెలిచిన టోనీ అబ్బాట్ 2014 జులైలో రద్దుచేసెను. ఉద్గారములు మరల పెరిగినవి. ఫ్రాన్సులో 2018 నవంబరున, బస్సులు లేని పల్లెలలో నివసించుచు కారు లేనిదే పనికి పోలేనివారు, డీజిలుపై పెరుగుచున్న పన్నుకు ఆగ్రహించి, పసుపు చొక్కాలు తొడిగి వీథులకెక్కగా, ప్రభుత్వము ఆ పెంపును నిలిపివేసెను. కెనడాలో వసూలైన సొమ్మును కుటుంబములకు తిరిగి పంచుచున్నను, చెల్లించునపుడు తెలిసినంతగా తిరిగి వచ్చునపుడు తెలియకపోవుటచేత, వినియోగదారులపైనున్న పన్ను 2025 ఏప్రిల్ 1 నుండి తొలగిపోయినది. ఈ నాలుగు దేశముల అనుభవమునుండి తేలు సారము ఒక్కటే: భారము న్యాయముగా పంచబడినదని ప్రజలు తమ కన్నులతో చూచినపుడును, మరియొక దారి చేతికందినపుడును మాత్రమే పన్ను నిలుచును.

వడ్డీరేటు చేయు నిర్ణయము

సూర్యవిద్యుత్తునకును బొగ్గు విద్యుత్తునకును నడుమ ఒక మౌలికమైన ఆర్థిక భేదమున్నది. ఎండకు వెల లేదు. కావున సూర్యకేంద్రపు వ్యయము దాదాపు యావత్తును మొదటనే, అప్పు తెచ్చి, పెట్టవలెను. బొగ్గు కేంద్రములో వ్యయము సగముపైగా ఏటేటా కొను ఇంధనముపై సాగుచు పోవును. అందుచేత వడ్డీ పెరిగినచో ఎక్కువ దెబ్బ తినునది సూర్యకేంద్రమే. ఒక కోటి రూపాయల అప్పును ఇరువది ఏండ్లలో సమాన వాయిదాలుగా తీర్చవలెననుకొనుడు: వడ్డీ 5 శాతమైనచో ఏటి వాయిదా సుమారు 8 లక్షలు, 10 శాతమైనచో సుమారు 11 లక్షల 75 వేలు. అదే ఎండ, అవే ఫలకములు. యూనిట్ ధర మాత్రము ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. ధనిక దేశములలో కంటె వర్ధమాన దేశములలో అప్పు ప్రియమగుటచేత, ఎండ అధికముగా కాయు దేశములే దానిని వినియోగించుకొనుటకు ఎక్కువ చెల్లించుచున్నవి.

అప్పిచ్చువాడు వడ్డీని దేనినిబట్టి నిర్ణయించును? పెట్టిన సొమ్ము తిరిగివచ్చునను నమ్మకమునుబట్టి. ఆ నమ్మకము ప్రభుత్వముల మాటపై నిలుచును. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లాలో సూర్యవిద్యుత్తునకు యూనిట్ 3 రూపాయల 15 పైసల ధర పలికినది. మరుసటి నెలలోనే రాజస్థానులోని భడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు దిగినది. ఆ ఉత్సాహపు కాలముననే, 2019లో, పూర్వపు ఒప్పందముల ధరలు అధికమని భావించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాటిని పునఃపరిశీలింప తలపెట్టగా, వివాదము న్యాయస్థానమునకెక్కినది. ఒప్పందపు ధరలనే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పినది. విద్యుత్ పంపిణీ సంస్థల కష్టములు నిజమైనవే. బీద వినియోగదారునిపై భారము తగ్గింపవలెనను కోరికయు తప్పుకాదు. అయినను ఒక ఒప్పందము కదలినచో, ఆ తరువాత వచ్చు ప్రతి ఒప్పందపు వడ్డీలోను ఆ కదలిక వెల చేరును.

మన బొగ్గు, మన బంధములు

భారతదేశపు విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు భాగములు బొగ్గునుండియే వచ్చుచున్నవి. 2025 జూను నాటికి స్థాపిత సామర్థ్యములో సగము బొగ్గు, వాయువు వంటి ఇంధనములు కానిదైనను, ఎండయు గాలియు రేయింబవళ్లు దొరకవు గనుక ఉత్పత్తిలో వాటి వాటా అంతకంటె చాల తక్కువ. మన బొగ్గు కేంద్రములలో చాలభాగము 2000వ సంవత్సరము తరువాత కట్టినవి. నలుబది ఏండ్లు నడుచునట్టివి. వాటితో పంపిణీ సంస్థలు ఇరువదియైదేండ్ల ఒప్పందములు చేసికొన్నవి. కరెంటు తీసికొనకున్నను స్థిర ఛార్జీలు చెల్లింపవలెను. కావున కేంద్రము మూతపడిననాడు మిగులు నష్టము ప్రభుత్వ బ్యాంకులపైనను, తుదకు ప్రజలపైనను పడును.

బంధములు ఇంతటితో ముగియవు. రైళ్లు మోయు సరుకులో బరువునుబట్టి సుమారు సగము బొగ్గే. ఆ సరుకు రవాణాపై వచ్చు లాభమే సామాన్యుని రైలు టిక్కెట్టును చౌకగా ఉంచుచున్నది. తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతమును కేంద్రమునకు 49 శాతమును వాటాగల సింగరేణి సంస్థపై కొత్తగూడెము, మంచిర్యాల, గోదావరిఖని పట్టణముల జీవనము ఆధారపడియున్నది. ఉద్యోగములు, పింఛనులు, రాష్ట్ర ఖజానాకు రాయల్టీ, బజారులో వ్యాపారము — అన్నియు ఆ నల్లరాతిపైననే. బ్రిటన్‌లో గనులు మూతపడిన ఊళ్ల దుఃఖమును చూచినవారు, కొత్త జీవనోపాధిని ముందు నిర్మించి, ఆ పిదప గనిని మూయు క్రమమునే కోరుదురు.

వ్యవసాయ విద్యుత్తు సంగతియు ఇట్లే బహుముఖమైనది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఉచిత విద్యుత్తు, కాలువ నీరెరుగని రాయలసీమ తెలంగాణ రైతునకు డెల్టా రైతుతో సమానమగు నీటిన్యాయమును కొంతవరకైన కలిగించినది. కాని మీటరు తిరుగని చోట మంచి మోటారును కొను ప్రేరణ యుండదు. పంపిణీ సంస్థల ఖాతాలు క్రుంగినచో సూర్యవిద్యుత్తు అమ్మినవారికి బకాయిలు పేరుకొనును. బకాయిలు వడ్డీని పెంచును. న్యాయముకొరకు పెట్టిన పథకము, దాని చెల్లింపుల ఏర్పాటు సరిగా లేనిచో, మరియొకచోట పొగగా తేలును. మోటార్లకు పగటిపూట సూర్యవిద్యుత్తునే అందించు ప్రయత్నములు ఈ గొలుసును తెంపగల మార్గములు. రైతునకు రాత్రిజాగరణము తప్పుట దానితో వచ్చు మరియొక మేలు.

ప్రభుత్వపు కొనుగోలు బలము ఎంతటిదో ఎల్‌ఇడి బల్బు చూపినది. 2014 ఆరంభమున సుమారు 310 రూపాయలకు దొరకిన బల్బును, కోట్ల సంఖ్యలో ఒక్కసారిగా కొందుమని కేంద్ర సంస్థ పోటీ పెట్టగా, కొద్ది ఏండ్లలో ధర 38 రూపాయలకు దిగినది. ఈ కార్యక్రమమున 36 కోట్ల బల్బులు పంపిణీయైనవి. ఇక్కడ ఎవరిని త్యాగము చేయుమని అడుగలేదు. అదే వెలుగునకు బిల్లు తగ్గినది, పొగయు తగ్గినది.

ఎవరి వాటా ఎంత?

నేడు లోకమున శిలాజ ఇంధనములనుండి ఏటేటా సుమారు 37 వందల కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడు వెలువడుచున్నది. మొత్తము లెక్కలో చైనా, అమెరికా, భారతదేశము వరుసగా మొదటి మూడు స్థానములలో నున్నవి. తలసరి లెక్క చూచినచో అమెరికను సుమారు 14 టన్నులు, చైనీయుడు సుమారు 8, భారతీయుడు సుమారు 2. ఈ వాయువు శతాబ్దములపాటు గాలిలో నిలుచును గనుక చరిత్రను కూడ కూడవలెను: పారిశ్రామిక యుగము మొదలు లోకము విడిచిన దానిలో సుమారు నాలుగవ వంతు అమెరికాది, లోకజనాభాలో ఆరవ వంతుకు మించిన భారతదేశపు వాటా 4 శాతమునకు అటునిటు. అంతర్జాతీయ సభలలో మన ప్రతినిధులు న్యాయమును గూర్చి పట్టుబట్టుటకు ఆధారమిదే.

ఐతే న్యాయము మన పక్షముననున్నంత మాత్రమున ఎండదెబ్బ మనలను విడువదు, అంగడియు విడువదు. యూరపునకు దిగుమతియగు ఉక్కు, అల్యూమినియము, సిమెంటు మొదలగు వస్తువుల తయారీలో వెలువడిన కార్బనుపై 2026 జనవరినుండి సరిహద్దులోనే వెల కట్టుచున్నారు. బొగ్గుతో కరిగించిన మన ఉక్కు ఆ భారమును మోయవలెను. ఆ సొమ్ము యూరపు ఖజానాకు చేరుటకంటె, ఇక్కడనే వసూలై మన కార్మికుల పునశ్శిక్షణకు ఉపయోగపడుట మేలుకాదా? 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయల పన్నును మనమే ఆరంభించి 2016 నాటికి 400 రూపాయలు చేసితిమి. నిర్మల శక్తికై ఉద్దేశించిన ఆ ధనము 2017లో జిఎస్‌టి రాగానే రాష్ట్రముల నష్టపరిహారమునకు మళ్లినది. ఆ మళ్లింపును పార్లమెంటే అంగీకరించినది గనుక, తిరిగి సరిచేయగలదియు పార్లమెంటే.

నిర్ణయమును పరీక్షించు ప్రశ్నలు

2070 నాటికి నికర ఉద్గారములను శూన్యమునకు దింపుదుమని భారతదేశము 2021లో గ్లాస్గో వాతావరణ సభలో ప్రకటించినది. ఈ సంవత్సరము అనుమతి పొందు బొగ్గు కేంద్రము 2065 ప్రాంతమువరకు నడువగలదు. ఈ సంవత్సరము వేయు నగర రూపకల్పనము అంతకంటె దీర్ఘకాలము మన ప్రయాణములను శాసించును. కావున దూరపు వాగ్దానమునకు నిజమైన పరీక్ష సమీపపు బడ్జెట్టులోను, అనుమతి పత్రములోను, కరెంటు ఒప్పందములోను కలదు.

ఎన్నికలలో వోటడుగ వచ్చినవారిని పౌరుడు మూడు ప్రశ్నలడుగుట అలవాటు చేసికొనవలెను. ఈ నిర్ణయము నాలుగు అంశములలో దేనిని, ఎంత మార్చును? దీని భారము ఎవరిపై పడును, వారికి మరియొక దారి చూపినారా? ప్రభుత్వము మారినను ఈ మాట నిలుచునా? మొదటి ప్రశ్నకు సమాధానము లేని పథకము ప్రకటనగానే మిగులును. రెండవదానికి లేనిది వీథులలో ఓడిపోవును. మూడవదానికి లేనిది బ్యాంకులలో ఓడిపోవును. ఫ్రాన్సు దేశమున 1974లో తీసికొన్న నిర్ణయమునకు వాతావరణము ఊసే లేకున్నను, అర్ధశతాబ్దము తరువాత దాని ఫలము యూనిట్‌కు 50 గ్రాముల లోపు లెక్కగా నిలిచియున్నది. తెలిసి, న్యాయముతో, స్థిరబుద్ధితో తీసికొనదగిన నిర్ణయములు మనకు నేడు అంతకంటె చౌకగా లభించుచున్నవి. వాటిని మన ప్రతినిధులచేత తీసికొనిపించు బాధ్యత వోటు హక్కుగల ప్రతివారిది.